ఆకుపచ్చ గడులు లెక్కపెట్టకండి

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. తోటివాళ్ల గిట్‌హబ్ (కోడ్ దాచి పంచుకునే వెబ్‌సైట్) పేజీల నిండా, పని చేసిన రోజులను చూపే ఆకుపచ్చ గడులే. వీడేమో రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోటు) పెట్టడం, ఎర్రర్ రాగానే ఫోల్డర్ తీసేయడం. వెనకబడ్డాడా? గిట్‌హబ్ నేర్చుకోవాలా, కోడింగ్ పోటీలకు వెళ్లాలా?

జవాబు: వెనకబడలేదమ్మా. ఆ గడులను చూసి కంగారుపడకండి. కమిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పులను ఒకసారి నమోదు చేయడం. దాని తేదీని ఎవరైనా మార్చుకోవచ్చు, ఖాళీ కమిట్లతోనూ గడులు నింపొచ్చు. పైగా గిట్‌లో (మార్పుల చరిత్రను మన కంప్యూటర్‌లో ఉంచే సాఫ్ట్‌వేర్) పెట్టిన ఈమెయిల్ గిట్‌హబ్ ఖాతాలో లేకపోతే నిజంగా చేసిన పనికి కూడా గడి పడదు. ముందు అది సరిచూసుకోమనండి. తోటివాళ్ల పేజీలు తెరిచి పిల్లాడి ముందు పెడుతుంటే మాత్రం అది మీరు ఈరోజే మానాలి. ఎర్రర్ చదవకుండా ఫోల్డర్ తీసేయడం ఆ పోలిక పుట్టించే భయంలోంచే రావొచ్చు. ఫోల్డర్‌తో పాటు లోపల దాగి ఉండే డాట్ గిట్ (.git) ఫోల్డర్ కూడా పోతుంది, అప్పటిదాకా ఉన్న చరిత్రంతా అందులోనే ఉంటుంది.

అబ్బాయికి చెప్పాల్సింది ఇది. రిపాజిటరీని మొదలుపెట్టే గిట్ ఇనిట్ ఆదేశం ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లాకే కొట్టాలి. హోమ్ ఫోల్డర్‌లో కొడితే డౌన్‌లోడ్లు, ఫొటోలు అన్నీ, మారిన ఫైళ్ల జాబితా చూపే గిట్ స్టేటస్‌లో బారులు తీరతాయి. మొదటి యాడ్‌కు (కమిట్‌కు ఫైళ్లను ఎంచే ఆదేశం) ముందే, గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన డాట్ గిట్‌ఇగ్నోర్ రాసి నోడ్ మాడ్యూల్స్ (డౌన్‌లోడైన లైబ్రరీల ఫోల్డర్), డాట్ ఎన్వ్ (రహస్య కీలు ఉండే ఫైలు) అందులో చేర్చాలి. ఒకసారి కమిట్ అయిన ఫైలును గిట్‌ఇగ్నోర్ ఆపలేదు. దాన్ని గిట్ ఆర్ఎం ఆదేశానికి క్యాష్డ్ ఆప్షన్ జోడించి ట్రాకింగ్ (గిట్ గమనించడం) నుంచి తప్పించాలి, ఫైలు డిస్కులో అలాగే ఉంటుంది. 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ తీసుకోదు. తర్వాతి కమిట్‌లో తీసేసినా లాభం లేదు, పాత కమిట్‌లో అది ఉన్నంతకాలం పుష్ (కమిట్లను గిట్‌హబ్‌కు పంపడం) ఆగిపోతుంది.

మొదటి పుష్ తిరస్కరణకు సాధారణ కారణం, గిట్‌హబ్‌లో రీడ్‌మీ (ప్రాజెక్టును వివరించే ఫైలు) టిక్ పెట్టి రిపాజిటరీ తెరవడం. అక్కడొక కమిట్, ఇక్కడొక కమిట్, రెండింటికీ సంబంధం ఉండదు. అక్కడ ఖాళీగా తెరిస్తే ఈ గొడవే రాదు. అక్కడున్నదాన్ని తుడిచేసి మనది పంపే ఫోర్స్ పుష్‌తో దాటేయడం అలవాటైతే రేపు జట్టులో పక్కవాళ్ల పని చెరిగిపోతుంది.

పాస్‌వర్డో ఏపీఐ కీయో (ఇంకో సేవను వాడుకునే రహస్య సంకేతం) పబ్లిక్ రిపాజిటరీలోకి వెళ్తే ఫైలు తీసేస్తే సరిపోదు. ముందు ఆ కీని రద్దు చేయాలి, చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాత.

ఇక పోటీల సంగతి. వాటికి వెళ్లనివ్వండి, లెక్క చురుగ్గా కట్టడం వస్తుంది. రిపాజిటరీకి వారానికి రెండు పూటలు చాలు. నలభై సగం పనుల కంటే, ఇంకొకరు రీడ్‌మీ చదివి తమ కంప్యూటర్‌లో నడపగలిగే ప్రాజెక్టు ఒక్కటి ఉండాలి. ఈసారి ఎర్రర్ వస్తే ఫోల్డర్ తీసేయకుండా, ఆ సందేశాన్ని మీకు పైకి చదివి వినిపించమనండి.