డాబా మీద పెద్ద తొట్లు పెట్టే ముందు

అమ్మడూ, పెద్దమ్మ ఆశీస్సులు.

విశాఖ మధురవాడలో మీ ఇంటి డాబా ఫోటోలు చూశాను. జాగా బాగుంది, ఎండకు లోటు లేదు. నీలం డ్రమ్ములు పది ఒకేసారి తెప్పిస్తానంటున్నావట, మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగు. డ్రమ్ము ధర, అందం తర్వాత సంగతి. ముందు బరువు లెక్క చూసుకోవాలి.

200 లీటర్ల డ్రమ్మును నడిమికి కోస్తే ఒక్కో సగంలో 100 లీటర్లు పడుతుంది. అందులో ఉత్త ఎర్రమన్ను నింపి నీళ్లు పోస్తే 150 కిలోలు దాటిపోతుంది. మన దేశపు నిర్మాణ ప్రమాణాల్లో మనుషులు తిరిగే డాబాకు లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలే. అంటే ఒక్క సగం డ్రమ్ము ఒక చదరపు మీటరు వాటా అంతా తీసేసుకుంటుంది. పైగా ఆ బరువంతా దాదాపు పావు చదరపు మీటరు జాగాలోనే ఆనుతుంది. అందుకని శ్లాబు మధ్యలో డ్రమ్ములు వరసగా పెట్టొద్దు. కింద స్తంభాలు, దూలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మేస్త్రీని పిలిచి సుద్దముక్కతో గీయించుకో. బరువైనవన్నీ ఆ గీతల మీదే పెట్టాలి. మధ్యలో ఆకుకూరల ట్రేలు చాలు. ఇల్లు పాతదైతే మాత్రం ఇంజనీరు చూసి సరేననేదాకా డ్రమ్ముల మాటే వద్దు.

పిట్టగోడ మీద కుండీలు పెట్టడం నాకు అసలు నచ్చదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్లో మానులే వేళ్లతో లేచిపోయాయి, కుండీ ఒక లెక్కా? పడితే కింద ఎవరి నెత్తి మీద పడుతుందో.

ఇక తొట్ల సంగతి. డ్రమ్ము కొనేటప్పుడు అందులో అంతకుముందు ఏముండేదో అడుగు. అమ్మేవాడు నీళ్లు నమిలితే వదిలేసి వచ్చేయ్. కడిగితే పోతుందంటారు గానీ, రసాయనాలు వచ్చిన డ్రమ్ములో వంకాయలు పండించుకుని తినాల్సిన అవసరం మనకేంటి? తినే సరుకులు వచ్చిన డ్రమ్ములే తీసుకో. ఇనప డ్రమ్ములు, నూనె డబ్బాలు మన సముద్రపు గాలికి తుప్పు పట్టిపోతాయి, వాటి జోలికి వెళ్లకు. సిమెంటు కుండీలు గట్టివే గానీ, ఖాళీవే ఎత్తలేం. మట్టి కుండీలు వేళ్లకు మంచివి, కాకపోతే వేసవిలో రెండు పూటలా తడపాలి. నువ్వు ఆఫీసుకు వెళ్లే మనిషివి, అది నీవల్ల కాదు. మొక్కలు పెంచే గ్రో బ్యాగు సంచుల్లో పలచనివి మన ఎండకు తొందరగా చిరిగిపోతాయి, మందంగా ఉన్నవి ఎంచుకో. చేపలకు ఐసు వేసి పంపే థర్మాకోల్ పెట్టెలు చాలామంది వాడతారు. కడిగి కొత్తిమీర, పాలకూర వేసుకోవచ్చు, బరువుండవు. కానీ ఎండకు పొడిపొడిగా రాలడం మొదలైతే వెంటనే తీసేయాలి. ఖాళీ అయిన 20 లీటర్ల పెయింట్ బకెట్లు శుభ్రంగా కడిగి పూలమొక్కలకు వాడుకో.

ఏ మొక్కకు ఎంత తొట్టి అని అడిగావు. తోటకూర, మెంతికూరకు ఎనిమిది అంగుళాల లోతు చాలు. టమాటా, వంగ, మిరపకు మొక్కకు 15 నుంచి 20 లీటర్లు. ఆనప, బీర, కాకర పాదులకు 40 లీటర్లకు తగ్గొద్దు. తగ్గితే తీగ డాబా అంతా పాకుతుంది గానీ పిందెలు రాలిపోతాయి. నిమ్మ, జామ, కరివేపాకు ఏళ్ల తరబడి ఉంచుకుంటావు కాబట్టి సగం డ్రమ్ములు వాటికే ఇవ్వు. అయితే జానెడు నిమ్మ మొక్కను తెచ్చి ఒకేసారి 100 లీటర్ల మట్టిలో పాతకు. ఆ మట్టిలోని తడి అంత చిన్న వేళ్లు లాగలేవు, అడుగు ఎప్పుడూ చిత్తడిగానే ఉండి వేరు కుళ్లుతుంది. ముందు చిన్న కుండీలో ఒక ఏడాది పెంచి తర్వాత మార్చు. అంత ఓపిక లేదంటావా, డ్రమ్ములో చుట్టూ తోటకూర చల్లెయ్, ఎక్కువైన తడి అది తాగేస్తుంది.

కుండీ అడుగున గులకరాళ్లు, ఇటుకముక్కలు వేస్తే నీరు బాగా దిగుతుందని అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. మెత్తటి మట్టిలోంచి నీరు పెద్ద సందులున్న రాళ్లలోకి వెంటనే జారదు. పై మట్టి పూర్తిగా నానేదాకా అక్కడే పట్టుకుని ఉంటుంది. అంటే రాళ్లు వేసినంత మేర తడి నిలిచే చోటు పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. నమ్మకం లేకపోతే అంట్లు తోమే స్పాంజి ఒకటి నీళ్లలో ముంచి అడ్డంగా పట్టుకో. కారడం ఆగాక నిలువుగా తిప్పు, మళ్లీ కారుతుంది. లోతైన తొట్టిలో మొక్క సుఖంగా ఉండేది అందుకే. రాళ్ల బరువు కూడా శ్లాబు మీదేగా! అడుగున నీరు పోయే బొక్కల మీద చిన్న దోమతెర ముక్కో కొబ్బరి పీచో వేస్తే చాలు. బొక్కలు మాత్రం అడుగున ఐదారు ఉండాలి, ఒక్కోటి వేలు దూరేంత. తొట్టిని ఇటుకల మీద ఎత్తి పెట్టు. నీరు పోతుంది, శ్లాబూ ఆరుతుంది.

మట్టి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. డ్రమ్ముల్లో మిగిల్చిన డబ్బు మట్టి మీద పెట్టు. కూరగాయలకు నేను కలిపేది ఇది: ఎర్రమన్ను ఒక తట్ట, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక తట్ట, మాగిన గెత్తమో (పశువుల పేడ ఎరువు) వర్మీ కంపోస్టో ఒక తట్ట, కుండీకి గుప్పెడు వేపపిండి. కోకోపీట్ వల్ల బరువు తగ్గుతుంది, తడి నిలుస్తుంది. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి రెండుమూడు సార్లు నీళ్లు మార్చి పిండి వాడు. పండ్ల మొక్కలకు కోకోపీట్ సగం చేసి మన్ను పెంచు. మరీ తేలికైతే తుపాను గాలికి తొట్టితో సహా బోర్లా పడతాయి. మన్ను పెరిగితే బరువూ పెరుగుతుంది, వాటిని దూలాల గీత దాటనివ్వొద్దనేది అందుకే.

గెత్తం మాగిందో లేదో చేత్తో తెలిసిపోతుంది. పేడ వాసన ఉండకూడదు, వేడి ఉండకూడదు, టీపొడిలా రాలాలి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి, వేరుపురుగూ దానితోనే వస్తుంది. కలిపిన మట్టిని తడిపి పిడికిట బిగించి తెరిచి చూడు. ముద్దలా నిలిచి, వేలితో తాకగానే విడిపోవాలి. విడిపోకపోతే బంకమన్ను ఎక్కువైనట్టు, కాస్త నది ఇసుక కలుపు. అసలు ముద్దే కట్టకపోతే గెత్తం పెంచు. ఆర్కే బీచ్ ఇసుక మాత్రం ఎంత ఉచితమైనా తేకు, అంతా ఉప్పు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర మన్ను తెచ్చుకుందామని ఎవరైనా అంటే ఊరుకోకు. అది కాపాడుకోవాల్సిన భూవారసత్వ స్థలం. పైగా అక్కడున్నది ఎక్కువగా ఎర్రటి ఇసుకే, మొక్కకు పెట్టేంత సారం ఉండదు. పునాదులు తవ్విన మట్టి అయితే సున్నం, సిమెంటు కలవలేదని చూసుకుని తెచ్చుకో.

కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కలు కొంటావు కదా, కొన్నిటి వేళ్ల చుట్టూ మట్టి గట్టిగా బిగిసి ఉంటుంది. అలాగే పాతితే నీళ్లు ఆ ముద్ద పక్కనుంచే జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. కాసేపు నీళ్లలో నానబెట్టి, వేళ్లతో అంచులు మెల్లగా విప్పి నాటు.

తొట్టి నిండా మట్టి పోయకు, పైన రెండు అంగుళాలు వదులు. కోకోపీట్, గెత్తం కుళ్లేకొద్దీ మట్టి దిగిపోతుంది, పంట తీసినప్పుడల్లా రెండు గుప్పెళ్ల ఎరువు వేసి నింపుకో. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుండీ అంచుల్లో తెల్లటి పొర కడుతుంది. వానల్లో తొట్లను మూయకుండా తడవనిస్తే ఆ ఉప్పు బొక్కల్లోంచి కొట్టుకుపోతుంది. మే నెలలో మట్టి మీద ఎండుటాకులు పరిచి ఉంచు.

ఇప్పటికి డ్రమ్ములు రెండే తీసుకో, మిగతావి గ్రో బ్యాగులు. మట్టి కలపడానికి ఆదివారం పొద్దున్నే వస్తాను. గెత్తం ఒక బస్తా నా దగ్గరుంది, పట్టుకొస్తాను. కోకోపీట్ మాత్రం శనివారం రాత్రే నానబెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ