పిన్‌హోల్ ఫొటోల్లో మసక, నల్ల చుక్కలు: సమాధానం
తమ్ముడూ, గుంటూరులో మీ తాతగారి పాత మామిడితోటలో తీసిన పిన్‌హోల్ ఫొటోలన్నీ (లెన్స్ బదులు సూదిరంధ్రంతో తీసేవి) మసకగా, నల్ల చుక్కలతో వచ్చాయన్నావు కదా. ఆ చుక్కలు కెమెరా లోపల బొమ్మ పట్టే పలక, అదే సెన్సర్, మీది దుమ్ము. రంధ్రం ఇంత సన్నగా ఉంటే చిన్న నలుసు నీడ కూడా ఫొటోలో కనబడుతుంది. బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదు, నోటితో మాత్రం వద్దు.

మసకకి కారణం రంధ్రమే. బాడీ క్యాప్‌కే, అంటే లెన్స్ తీసినచోట కెమెరాకి పెట్టే మూతకే, సూది గుచ్చానన్నావు. ఆ ప్లాస్టిక్ మందం, అంచు గరుకు. క్యాప్‌కి పెద్ద బెజ్జం వేసి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్కకి సూదిమొనతో సన్న రంధ్రం చేసి, వెనక ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది అతికించు. రంధ్రం నుంచి సెన్సర్‌కి 45 మిల్లీమీటర్ల దూరం ఉంటే 0.3 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది, అంటే ఎఫ్/150 (దూరాన్ని రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె). ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100లో పెట్టి, ఎండకి ఒక సెకను, చెట్టునీడకి పదిహేను సెకన్ల దాకా వెలుగు పడనివ్వు. స్టాండ్ తప్పనిసరి. గాలికి ఆకులు పొగలా కరిగిపోతాయి, మొద్దు బెరడు నిలబడుతుంది. నాకైతే అదే ప్రాణం.