హైదరాబాద్‌లో క్యాన్సర్ పరిశోధనకు, నివారణకు ప్రభుత్వం డబ్బు పెడుతోందా?

పెడుతోంది, కానీ ఎక్కువ భాగం చికిత్సకే పోతోంది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వానిదే, 1955 నుంచి ఉంది. పేదలకు ఆరోగ్యశ్రీ ఉంది. దాని పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. పరిశోధనకు డబ్బు ప్రధానంగా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లాంటి కేంద్ర సంస్థల నుంచే వస్తుంది.

అసలు మాట్లాడుకోవాల్సింది నివారణ గురించి. క్యాన్సర్, షుగర్, బీపీ లాంటి అంటువ్యాధులు కాని జబ్బుల కోసం నడిచే జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్, అంటే లక్షణాలు లేకపోయినా ముందే చేసే పరీక్ష, ఉచితం. ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40. గర్భాశయ ముఖద్వార పరీక్షకు పెద్ద మెషీన్లేమీ అక్కర్లేదు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే పలుచగా కలిపి, అందులో ముంచిన దూదిని అక్కడ అద్దుతారు. నిమిషంలో తెల్లటి మచ్చ తేలితే తర్వాతి పరీక్షలకు పంపుతారు, అంతే.

ఇంత చౌకైన పరీక్షకు కూడా మన ఇళ్లలో అమ్మలు, అత్తలు "నాకేమైంది, బాగానే ఉన్నాగా" అని వెళ్లరు. సిగ్గు, టెన్షన్ రెండూ ఉంటాయి. అందుకే నా ఉద్దేశంలో, కొత్త భవనాల కంటే ముందు ఇంటింటికీ తిరిగి వాళ్లను వెంటబెట్టుకొచ్చే ఆశా కార్యకర్తల మీద ఖర్చు పెంచాలి. మీ ఇంట్లోవాళ్ల కోసం దగ్గరి అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఈ పరీక్ష ఏ రోజు చేస్తారో అడగండి.