పాత పిన్‌బాల్ మెషీన్ బాగుచేసే అబ్బాయిని ఏ చదువులో చేర్పించాలి?

ప్రశ్న: మేము షికాగో దగ్గర అరోరాలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు. పొరుగింటి పెద్దాయన ఇల్లు మారుతూ 1977 నాటి బాలీ కంపెనీ ‘ఎయిట్ బాల్’ పిన్‌బాల్ మెషీన్ (వాలు బల్ల మీద లోహపు బంతిని కొడుతూ స్కోరు చేసే ఆటయంత్రం) ఒకటి, పనిచేయనిది, వాడికి ఇచ్చి వెళ్లారు. అప్పటి నుంచి సాయంత్రాలన్నీ గ్యారేజీలోనే గడుస్తున్నాయి. ఒకరోజు ఫ్యూజు పోయిందంటాడు, ఇంకోరోజు ట్రాన్సిస్టర్ మార్చినా మళ్లీ కాలిపోయిందంటాడు. మేము కంప్యూటర్ సైన్స్ తప్ప వేరే ఆలోచన చేయలేదు. “రిపేరు షాపు పెట్టించడానికేనా ఇంత దూరం వచ్చింది” అని మావారు కోప్పడుతున్నారు. ఈ పని మాన్పించాలా? కరెంటుతో ఏమైనా అవుతుందేమోనన్న భయం కూడా ఉంది.

జవాబు: అమ్మా, మాన్పించకండి. పిన్‌బాల్ మెషీన్లు బాగుచేయడమే జీవనోపాధిగా ఎంచుకోమని మాత్రం నేను చెప్పడం లేదు. మీరున్న షికాగో ప్రాంతమే ఈ ఆటకు పుట్టిల్లు. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ కంపెనీలన్నీ అక్కడే పెరిగాయి, ఇప్పటికీ ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో స్టెర్న్ సంస్థ కొత్త మెషీన్లు తయారుచేస్తోంది. అయినా పాత మెషీన్ల రిపేరు మీదే పూర్తిగా బతికేవాళ్లు తక్కువే. మీ అబ్బాయి అక్కడ నేర్చుకుంటున్న అసలు విద్య, చెడిపోయిన సర్క్యూట్ ముందు నిలబడి దోషం ఏ భాగంలో ఉందో కొలిచి, తర్కించి తేల్చడం. ఆసుపత్రుల్లోనూ, కర్మాగారాల్లోనూ, విద్యుత్ కేంద్రాల్లోనూ జీతమిచ్చి పిలిచే విద్య అది.

అయితే గ్యారేజీలో గడిపే ప్రతి కుర్రవాడికీ ఆ విద్య వస్తుందని కాదు. అనుమానం వచ్చిన ప్రతి భాగాన్నీ కొనితెచ్చి మార్చేవాడు ఒకడైతే, మార్చడానికి ముందు కొలిచేవాడు ఇంకొకడు. మీ అబ్బాయి ఏ కోవకు చెందుతాడో తెలుసుకోవడానికి ఆ మెషీనే మంచి పరీక్ష పెడుతుంది. ‘ఎయిట్ బాల్’ మైక్రోప్రాసెసర్‌తో వచ్చిన తొలి తరం మెషీన్లలో ఒకటి; స్కోరు చూపించే గాజు పలక వెనక ఉన్న ప్రధాన బోర్డు మీద మోటరోలా 6800 ప్రాసెసర్, దాని పక్కన ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ ఉంటాయి. మెషీన్ ఆన్ చేయగానే ఆ ఎల్‌ఈడీ ఒకసారి చిన్నగా మెరిసి, తర్వాత ఏడు సార్లు మినుకుమంటుంది. ఒక్కొక్క మినుకు ఒక్కొక్క భాగం తన పరీక్షలో నెగ్గిందని చెబుతుంది: ప్రోగ్రాం ఉన్న చిప్పులు, మెమరీ చిప్పులు, బయటి బోర్డులతో మాట్లాడే చిప్పులు, అలా వరుసగా. చివరిదైన ఏడో మినుకు రావాలంటే కాయిళ్లను, అంటే బంతిని కొట్టే భాగాలను కదిలించే తీగచుట్టలను, నడిపే 43 వోల్టుల సరఫరా బోర్డు దాకా చేరాలి.

ఎల్‌ఈడీ ఆరు మినుకులతో ఆగిపోయిందనుకోండి. తొందరపడే కుర్రవాడు బోర్డే పోయిందని తీర్మానించి కొత్తది ఆర్డర్ పెడతాడు. ఆలోచించే కుర్రవాడు మాత్రం, ఆరు పరీక్షలు నెగ్గిన బోర్డు దాదాపు బాగున్నట్టేనని గ్రహించి, దాని జోలికి పోకుండా విద్యుత్ సరఫరా వైపు వెళ్లి ముందు ఫ్యూజును, తర్వాత కనెక్టర్ పిన్నులను చూస్తాడు. అసలు మినుకే లేకుండా ఎల్‌ఈడీ వెలిగి అలాగే ఉండిపోతే ప్రాసెసర్ నడవడం లేదని అర్థం. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఆ బోర్డు మీదే సోల్డర్ చేసి ఉండే పాత రీఛార్జబుల్ బ్యాటరీని. ఏళ్లు గడిచేకొద్దీ అది కారి, ఆ క్షారం రాగి దారులనూ చిప్ సాకెట్లనూ పచ్చగా తినేస్తుంది. ఎన్ని మినుకులు వచ్చాయి, అక్కడి నుంచి ఎటు వెళ్లావు, ఎందుకు వెళ్లావు అని మీ అబ్బాయిని అడగండి. సాంకేతిక పదాలు మీకు అర్థం కాకపోయినా, వాడి జవాబులో కారణం ఉందో లేదో మీకు తెలిసిపోతుంది.

ట్రాన్సిస్టర్ మార్చినా మళ్లీ కాలిపోయిందని రాశారు కదా, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన మాట అదే. బంతి తగలగానే దాన్ని ఎగరగొట్టే బంపర్ కాయిల్ క్షణకాలం కరెంటు తీసుకోవడానికే తయారైంది. స్విచ్‌లా పనిచేస్తూ దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే మెషీన్ ఆన్ చేసిన క్షణం నుంచి కాయిల్ ఆగకుండా కరెంటు లాగుతుంది. ఫ్యూజు వెంటనే పోతే అదృష్టమే. పోకపోతే కాయిల్ వేడెక్కి, లోపలి తీగ మీది పూత కరిగి, చుట్లు ఒకదానికొకటి తగులుకుని, దాని నిరోధం పడిపోతుంది. అలాంటి కాయిల్‌ను అలాగే ఉంచి ట్రాన్సిస్టర్ ఒక్కటే మారిస్తే, మోతాదు మించిన కరెంటుతో కొత్తది కూడా కాలిపోక తప్పదు. అందుకే ముందు మెషీన్ ప్లగ్ తీసేసి, కాయిల్ వైరు ఒకటి విడదీసి, మల్టీమీటర్‌తో నిరోధం చూడాలి; రెండు ఓమ్‌ల కంటే తక్కువ చూపితే ఆ కాయిల్ పనికిరాదనే లెక్క. తర్వాత దాని కాళ్ల మధ్య ఉండే డయోడ్‌ను పరీక్షించాలి. కరెంటు ఆగినప్పుడు కాయిల్‌లో పుట్టే ఎదురు వోల్టేజీని మింగేది ఆ చిన్న డయోడే; దాని కాలు ఒకటి విరిగి ఉంటే ట్రాన్సిస్టర్‌కు రక్షణ లేనట్టే. ఈ రెండూ బాగుంటే బోర్డు మీద ఆ ట్రాన్సిస్టర్‌కు ముందున్న చిప్ దాకా వెనక్కి నడవాలి. మీ అబ్బాయి ఇంతవరకు వచ్చి, “కాలిపోయింది ట్రాన్సిస్టరే, కానీ దాన్ని కాల్చింది వేరొకటి” అనగలిగితే, ఇంజనీరింగ్ కళాశాలల్లో రెండో ఏడాదికి గానీ చాలామందికి అలవడని ఆలోచన వాడికి అప్పుడే అలవడిందని నేను నిస్సంకోచంగా అంటాను.

ఇప్పుడు చదువు విషయానికి వస్తాను. ఇలా ఆలోచించే విద్యార్థికి నా మొదటి సలహా ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. మీ రాష్ట్రంలోనే ఉన్న అర్బానా-షాంపేన్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్, కంప్యూటర్ ఇంజనీరింగ్ ఒకే విభాగం కింద ఉన్నాయి. ప్రోగ్రామింగ్ మీద మీకున్న ఆశను అక్కడ వదులుకోవాల్సిన పని లేదు. పవర్ ఎలక్ట్రానిక్స్, యంత్రాల లోపల ఇమిడి ఉండే కంప్యూటర్లకు సంబంధించిన ఎంబెడెడ్ హార్డ్‌వేర్, ఉత్పత్తులు ఎందుకు విఫలమవుతున్నాయో పరిశోధించే ఫెయిల్యూర్ అనాలిసిస్ వంటి రంగాలు ఇలాంటి బుర్రకు బాగా సరిపోతాయి. నాలుగేళ్ల డిగ్రీ కంటే చేతిపని మీదే వాడికి మనసుంటే, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల కోర్సు చేసి, ఆసుపత్రుల్లో వెంటిలేటర్లు, ఇన్‌ఫ్యూజన్ పంపులు చూసుకునే బయోమెడికల్ ఎక్విప్‌మెంట్ టెక్నీషియన్ కావచ్చు. లిఫ్టుల రంగంలో చేరితే నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్‌లో జీతం తీసుకుంటూనే పని నేర్చుకోవచ్చు. మీవారితో గౌరవంగానే చెబుతున్నాను: వీటిలో ఏదీ రిపేరు షాపు కాదు, ఒకవేళ అయినా అది చిన్నతనమేమీ కాదు.

ఇంకో మెషీన్ దొరికే అవకాశం ఉంటే, 1977కు ముందు తయారైనదాన్ని తీసుకోమనండి. వాటిలో చాలావాటికి ప్రాసెసర్ ఉండదు. కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్‌లైన రిలేలు, అడుగడుగునా కదులుతూ లెక్కపెట్టే స్టెప్పర్లు, నెమ్మదిగా తిరిగే ఒక స్కోర్ మోటారు, వందల కొద్దీ స్విచ్ కాంటాక్టులు కలిసి ఆట నియమాలన్నీ నడుపుతాయి. కర్మాగారాల్లో యంత్రాలను నడిపిన రిలే ప్యానెళ్లదీ ఇదే తర్కం. 1968లో జనరల్ మోటార్స్ ఆ ప్యానెళ్లకు ప్రత్యామ్నాయం కావాలని కోరడం వల్లే పీఎల్‌సీలు (కర్మాగార యంత్రాలను నడిపే, ప్రోగ్రాం చేయగల కంట్రోలర్లు) పుట్టాయి, నేటికీ వాటి ప్రోగ్రాములను ఎన్నో చోట్ల రిలే బొమ్మల రూపంలో రాస్తున్నారు. పాత పిన్‌బాల్ మెషీన్ సర్క్యూట్ బొమ్మను వేలితో వెంబడించగలిగినవాడు ఇండస్ట్రియల్ ఆటోమేషన్ క్లాసులో తడబడడు.

ఈ ఏడాది చేయాల్సినవి కొన్నే. పన్నెండో తరగతిలో కాల్‌క్యులస్‌తో పాటు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కళాశాల స్థాయి కోర్సు) ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంత భాగం తప్పకుండా తీసుకోవాలి. కంప్యూటర్ సైన్స్ కూడా ఉంటే మంచిదే. ఒక నోటుపుస్తకంలో ప్రతి దోషానికీ లక్షణం, తన అనుమానం, కొలత, దొరికిన కారణం తేదీతో సహా రాయమనండి. తప్పిన అనుమానాలను కొట్టేయకుండా అలాగే ఉంచాలి. కళాశాల దరఖాస్తు వ్యాసానికి ఆ పుస్తకం కంటే నిజమైన ముడిసరుకు వాడికి దొరకదు. షికాగో ప్రాంతంలో 1985 నుంచి పిన్‌బాల్ ఎక్స్‌పో జరుగుతోంది. ఒకసారి వాళ్ల నాన్నగారే వాడిని వెంటబెట్టుకుని వెళితే, ఈ పని ఎంత గంభీరమైనదో నా మాటల కంటే అక్కడి మనుషులు బాగా చెబుతారు.

భద్రత విషయంలో మీ భయం సరైనదే, దాన్ని వదులుకోకండి. ఆ మెషీన్‌లోకి వచ్చేది ఇంటి 120 వోల్టులే అయినా, స్కోరు అంకెలను వెలిగించడానికి లోపల దాదాపు 190 వోల్టుల డీసీ తయారవుతుంది, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసి, కాసేపు ఆగి, మీటర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టాలి. పోయిన ఫ్యూజు స్థానంలో అంతకంటే ఎక్కువ ఆంపియర్లది ఎన్నడూ వేయకూడదు. ప్లగ్‌కు మూడో పిన్ను లేకుండా ఎవరైనా విరగ్గొట్టి ఉంటే, మిగతా పనులన్నీ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ ఉన్న కొత్త ప్లగ్ వేయించి, క్యాబినెట్ లోహభాగాలకు ఎర్త్ అందుతోందో లేదో ఈ వారంలోనే చూపించండి. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేనప్పుడు మెషీన్‌ను తెరిచి ఉంచి ఆన్ చేయకూడదన్న నియమం కూడా పెట్టండి.