పంటికి క్యాప్ వేయించుకోవాలా, వెనీర్ చాలా?

పన్ను బలం పోయి ఉంటే క్యాప్, బలంగానే ఉండి ముందువైపు రంగో ఆకారమో మాత్రమే చెడితే వెనీర్. గుంటూరు, విజయవాడల్లో మనం క్యాప్ అనేదే క్రౌన్.

వెనీర్ అంటే పంటి ముందు ముఖానికి అతికించే అర మిల్లీమీటరు అటూ ఇటూ మందమున్న పింగాణీ పలక. అది గట్టిగా పట్టేది ఎనామిల్‌కే, అంటే పంటి పైనున్న గట్టి పొరకే. ఎనామిల్ అరిగిపోయినా, పెద్ద ఫిల్లింగ్ ఉన్నా ఊడిపోవచ్చు. క్యాప్ కోసం పన్నును చుట్టూ 1 నుంచి 2 మిల్లీమీటర్లు అరగదీస్తారు. ఎక్కువే, కానీ అది పన్నంతటినీ తొడుగులా పట్టి ఉంచుతుంది.

గుంటూరులో ఒకరు దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నారనుకోండి. లోపల గుల్లైన ఆ పన్ను, పప్పుచెక్కో వేరుశనగ ఉండో కొరికితే నిలువునా చీలవచ్చు. అక్కడ క్యాపే వేయాలి, ఆలస్యం చేయకుండా. అదే మనిషికి ముందు పళ్లపై ఫ్లోరైడ్ మచ్చలుంటే వెనీర్ సరిపోతుంది. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుంటే మాత్రం పలక పగలవచ్చు. ముందే డాక్టరుకు చెప్పండి.

వెనీర్ నచ్చకపోతే తీసేయొచ్చు, పాత పన్ను అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. వెనీర్ కోసం అరగదీసిన ఎనామిల్ మళ్లీ పెరగదు.