నాన్నగారిని వెనక పెరట్లోకి పంపకండి

ఉత్తరం: మాది రేపల్లె దగ్గర ఒక పల్లెటూరు. పదకొండేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. రెడింగ్ పక్కన లోయర్ ఎర్లీలో, పద్దెనిమిది ఇళ్లున్న చిన్న క్లోజ్‌లో, అంటే ఒక చివర మూసుకుపోయే వీధిలో, ఇల్లు కొనుక్కున్నాం. అమ్మ సంవత్సరీకం అయ్యాక, ఈ జూన్‌లో నాన్నను ఆరు నెలల విజిట్ వీసా మీద తీసుకొచ్చాను. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. రోజూ సాయంత్రం పంచె కట్టుకుని ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. దారిన పోయేవాళ్లందరినీ పలకరిస్తారు. ఎదురింటి ముసలాయనతో గంటలకొద్దీ కబుర్లు. ఆయన భార్య మూడేళ్ల కిందట పోయారని నాన్న చెబితేనే నాకు తెలిసింది. ఒకరోజు ఆయనకు డబ్బాలో పులిహోర ఇచ్చొచ్చారు. డబ్బా నిండా యాపిల్స్ తిరిగొచ్చాయి. మేం పదకొండేళ్లుగా ఎవరికీ ఇబ్బంది లేకుండా ఉంటున్నాం. దీపావళికి దీపాలు కూడా వెనకవైపే పెట్టుకుంటాం. ఈమధ్య మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ‘బయట కూర్చునే పెద్దాయన బాగానే ఉన్నారా’ అని పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక్కడ ఇలా కూర్చోరు, వెనక గార్డెన్‌లో కూర్చోండి అని నాన్నకు గట్టిగా చెప్పాను. అప్పటినుంచి ఆయన గది దాటి రావడం లేదు. టికెట్ ముందుకు మార్చమంటున్నారు. ఇక్కడి పద్ధతులు ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

జవాబు:

మీరడిగినదానికి జవాబు చిన్నది. అది చెప్పేసి అసలు సంగతికి వస్తాను.

అక్కడ ఇంటి ముందు స్థలం చూడటానికే గానీ కూర్చోవడానికి కాదన్నది నిజమే. కుర్చీలు, టీ కప్పులు, బట్టలారేసే తాడు అన్నీ వెనకవైపే. మా అమ్మాయి డెర్బీ పక్కన మికిలోవర్‌లో ఉన్నప్పుడు ఒక వేసవంతా నేను అక్కడే ఉన్నాను. రాత్రి తొమ్మిదిన్నర అయితే గానీ పొద్దు గుంకదు. అంత వెలుగున్నా వీధిలో మనిషి అలికిడి ఉండదు. మొదటి వారం నాకు ఊపిరాడలేదు. కానీ ఒకటి గమనించాను. ఇంటి ముందు చేతిలో ఏదో ఒక పనితో ఉన్న మనిషి దగ్గర అందరూ ఆగుతారు. గులాబీలకు నీళ్లు పోస్తున్నా, కంచె మొక్కలు కత్తిరిస్తున్నా, కారు కడుగుతున్నా సరే. ముందు ఎండావానల గురించి ఒక మాట, తర్వాత పూల గురించి, అక్కణ్ణుంచి మోకాళ్ల నొప్పుల దాకా వస్తారు. కాబట్టి నాన్నగారికి ఒక నీళ్ల క్యాన్ కొనిపెట్టండి. కుర్చీ ఉన్నచోటే ఉండనివ్వండి. పద్ధతుల సంగతి ఇంతే.

ఇక ఆ మెసేజ్. మీరు దాన్ని ఫిర్యాదు అనుకున్నారు. నేను ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను, నాకు ఫిర్యాదు కనబడలేదు. ఆ చల్లగాలిలో పల్చటి పంచెతో ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని కనిపిస్తే, బాగున్నారా అని ఒకావిడ అడిగింది. మన ఊళ్లో అయితే ఆ మాట ఆయన్నే అడిగేవాళ్లు. అక్కడివాళ్లు ఎదుటి మనిషిని కదిలించకపోవడమే మర్యాద అనుకుంటారు, అందుకే చుట్టూ తిప్పి అడిగింది. ఇరుగుపొరుగు కలిసి వీధిని కనిపెట్టుకుని ఉండే నైబర్‌హుడ్ వాచ్ ఆ దేశంలో 1982 నుంచీ ఉంది. కిటికీ తెర వెనక నుంచి చూసే ప్రతి కన్నూ తప్పు పట్టడానికే చూడదు. ‘ఆయన మా నాన్నగారు, హెడ్మాస్టరుగా చేశారు, వచ్చి పలకరించండి, సంతోషిస్తారు’ అని మీరు రాస్తే సరిపోయేది. ఏం జవాబిచ్చారో మీరు రాయలేదు. సారీ చెప్పి ఉంటారని నాకనిపిస్తోంది. తండ్రి తన కొడుకు గుమ్మంలో కూర్చున్నందుకు సారీ ఏమిటి బాబూ?

మీ ఉత్తరంలో వీధి ఉంది, గ్రూపు ఉంది, పక్కవాళ్లు ఏమనుకుంటారో అన్న టెన్షన్ ఉంది. నాన్నగారు తన గురించి మీతో అన్న మాట ఒక్కటే ఉంది, టికెట్ మార్చమన్నది. జూన్ నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఈ మూడు నెలల్లో ఆయన మీతో అమ్మ గురించి ఎన్నిసార్లు మాట్లాడారు? మీరు ఎన్నిసార్లు కదిపారు?

నాకేమనిపిస్తోందో చెబుతాను. ఆ ఎదురింటాయనకు భార్య లేదు. మీ నాన్నగారికీ లేదు. మీరు మూడేళ్లుగా తెలుసుకోని సంగతి ఆయన కొన్ని వారాల్లో తెలుసుకున్నారంటే ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో ఊహించడం కష్టం కాదు. భార్య పోయిన మగవాళ్లు మన ఇళ్లల్లో ఏడవరు. కోడలి ముందు నోరెత్తరు. కొడుకు ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చాడని ఊరుకుంటారు. మీతో చెప్పుకోలేని దుఃఖం ఆయన పరాయి భాషలో పరాయి మనిషితో చెప్పుకుంటున్నారు. పోనీ, అదైనా దొరికింది అనుకుంటే, మీరు దానికి అడ్డుకట్ట వేశారు. మీరు వెనక్కి పంపింది ఒక్క కుర్చీనే అనుకుంటున్నారు. అమ్మ పోయాక ఆయన మళ్లీ మాటలు మొదలుపెట్టింది ఆ కుర్చీలోనే.

మీరు చెడ్డవారని నేననడం లేదు. పరాయి ఊళ్లో బతికేవాళ్ల భయం నాకు తెలుసు. మా అమ్మాయిది రెండిళ్లకూ ఒకటే గోడ ఉన్న ఇల్లు. పోపు పెట్టేముందు కిటికీలు మూసేది. మనవడు ఏడిస్తే వాడికంటే ముందు గోడ వైపు చూసేది. నాకు కడుపు తరుక్కుపోయేది. ఎవరూ ఏమీ అనకుండానే మనమే మన గొంతు తగ్గించుకుంటాం. కొన్నాళ్లకు అదే మర్యాద అనిపిస్తుంది. మీ విషయంలో మీ ఇష్టం. కానీ ఆ భయాన్ని డెబ్బై దాటిన తండ్రి మీద రుద్దే హక్కు మీకు లేదు. మిమ్మల్ని చదివించి విమానం ఎక్కించిన మనిషి పంచె కట్టుకుని మీ ఇంటి ముందు కూర్చుంటే తలవంపులనుకోవడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించను.

దీపాలు వెనక పెట్టుకుంటున్నామని రాశారు చూడండి, అది చదివి నా మనసు చివుక్కుమంది. ఇంగ్లండులో మామూలు రోజుల్లో రాత్రి పదకొండు దాటాక టపాకాయలు కాల్చకూడదు. దీపావళి రాత్రి మాత్రం ఒంటిగంట దాకా కాల్చుకోవచ్చని 2004లో వచ్చిన నిబంధనల్లోనే ఉంది. టపాకాయలకే అంత వెసులుబాటు ఉన్నచోట మీరు నాలుగు ప్రమిదలు దాచుకుంటున్నారు. డిసెంబరు దాకా నాన్నగారికి వీసా ఉంది కదా. ఈసారి దీపాలు గుమ్మంలో ఆయన చేత పెట్టించండి. అమ్మ పోయాక ఆ ఇంట్లో చేసుకునే మొదటి దీపావళి ఇది.

అంతకంటే ముందు చేయాల్సింది ఉంది. ఈ రాత్రే ఆయన గదిలోకి వెళ్లండి. పద్ధతుల గురించి, గ్రూపు గురించి ఒక్క మాట ఎత్తొద్దు. తప్పయింది నాన్నా అనండి. ఆ మాట అనడానికి నోరు రాకపోతే పక్కన కూర్చోండి, అమ్మ గురించి మీరే మొదలుపెట్టండి. ఆవిడ చేసే కూర గురించైనా సరే, తిట్టిన తిట్టు గురించైనా సరే. ఆయన మాట్లాడకపోతే రేపు మళ్లీ వెళ్లండి. టికెట్ సంగతి ఎత్తితే, తేదీ మార్చనని గట్టిగా చెప్పండి. గట్టిగా చెప్పడం మీకు చేతనవునని ఆయనకు తెలుసు.

ఎదురింటాయనకు మన పద్ధతులేవీ తెలియవు. అయినా డబ్బా ఖాళీగా తిరిగివ్వలేదు. మీ వంటింట్లో ఉన్న ఆ డబ్బా కడిగి, ఈ ఆదివారం మళ్లీ పులిహోరతో నింపండి. ఈసారి నాన్నగారితో పాటు మీరూ రోడ్డు దాటి వెళ్లండి.