పప్పుకో ముద్ద, చారుకో ముద్ద: అమెరికాలో పెరిగే బరువు గురించి

"అక్కా, న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి పది నెలలైంది. పిజ్జాలూ బర్గర్లూ ముట్టను. రెండు పూటలా మన వంటే. అయినా 9 కిలోలు పెరిగాను. అన్నం మానెయ్యమంటావా?"

మానొద్దు తమ్ముడూ. ఏటా కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. అందరూ అదే మాట అంటారు, బయటి తిండి తినడం లేదని. నిజమే, తినరు. నేనూ తినలేదు. 2006లో న్యూజెర్సీ వచ్చాక రెండేళ్లలో 14 కిలోలు పెరిగింది పప్పన్నం, వేపుళ్లు, పెరుగన్నంతోనే. మా నాన్నకి షుగర్ ఉంది. నా ఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.1 వచ్చిన రోజు కారులో కూర్చుని ఏడ్చాను. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే గుమ్మం దాకా వచ్చినట్టు.

మనం ఊళ్లో తిన్నదే ఇక్కడా తింటున్నాం. అక్కడ లెక్కలోకి రాని నడక మాత్రం ఇక్కడ పోయింది. బస్టాపుకి నడక, ఆఫీసులో మెట్లు, సాయంత్రం కూరగాయలకి రైతుబజారు, పాలప్యాకెట్టుకి వీధి చివరికి. వాటిని ఎవరూ వ్యాయామం అనుకోలేదు. ఇక్కడ గుమ్మంలో కారు ఎక్కితే ఆఫీసు గుమ్మంలో దిగుతాం. ఇంటినుంచే పనైతే మంచానికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య పది అడుగులు.

ఇక పళ్లెం సంగతి. మన భోజనంలో ఏ పదార్థం వచ్చినా దానికో వంతు అన్నం కావాలి. పప్పుకో ముద్ద, కూరకో ముద్ద, పచ్చడికో ముద్ద, చారుకో ముద్ద, చివర పెరుగు. పొలం పనిచేసిన తాతలకి అది సరిపోయింది. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లది. ఒక కప్పు బియ్యం సుమారు 150 గ్రాములు, అంటే 540 కేలరీల దాకా. రూమ్మేట్లు ముగ్గురూ మనిషికో కప్పు లెక్కన వండుకుని మిగల్చకుండా తింటే, ఒక్క పూట అన్నంలోనే అంత లోపలికి పోతుంది.

నేను మార్చింది ఇదే: పప్పు గట్టిగా వండి గిన్నెలో వేసుకుని స్పూనుతో తింటాను. చారు గ్లాసులో తాగుతాను. పెరుగన్నం బదులు ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ. అన్నం ఒక్క కూరతోనే, కప్పులో మూడోవంతు బియ్యం వండినంత. మొదటి వారం భోజనం చేసినట్టే అనిపించలేదు, నిజం చెబుతున్నాను. మూడో వారానికి అలవాటైంది. ఆవకాయ కోరిక మాత్రం పోలేదు, పోనక్కర్లేదు కూడా. ఆదివారం వేడన్నంలో ఒక్క ముద్ద కలుపుకుంటాను, ఆ ముద్ద రుచి ఇప్పుడే తెలుస్తోంది.

అన్నం తగ్గించి ఆ ఖాళీ అలాగే వదిలేస్తే రాత్రి పదింటికి మిక్చర్ డబ్బా తెరుస్తావు. ఆ చోట్లో కూర రెట్టింపు చెయ్యి. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్లో దొండకాయ, చిక్కుడు, గోంగూర దొరుకుతాయి. మామూలు గ్రోసరీలో పాలకూర, క్యాబేజీ, బీన్స్ అంతకన్నా చవక. గుడ్లు రెండు ఉడకబెట్టుకో. శాకాహారివైతే శనగలు, పెసలు నానబెట్టుకుని గుగ్గిళ్లు చేసుకో, తియ్యగా లేని గ్రీక్ యోగర్ట్ తెచ్చుకో.

నూనె దగ్గర చాలామంది పొరబడతారు. హోల్‌సేల్ దుకాణంలో పెద్ద క్యాన్ కొని, బాండీలో వంచేస్తాం. ఒక టేబుల్ స్పూను నూనె 120 కేలరీలు. ఆలివ్ నూనె అయినా అంతే, పల్లీ నూనె అయినా అంతే, నెయ్యీ దాదాపు అంతే. బెండకాయ వేపుడుకి నాలుగు స్పూన్లు పోశావంటే దాదాపు ఒక పూట అన్నం అదనంగా తిన్నట్టు. నేను నెలకి మనిషికి అర లీటరు చొప్పున ఒక సీసాలోకి వంచి పెట్టుకుంటాను. అది నెలాఖరు దాకా రావాలి. వేపుడు బదులు ఆవిరి మీద ఉడికించి చివర్న పోపు పెడితే సగం నూనెతో అయిపోతుంది.

డబ్బాల మీది అట్ట చదవడం నేర్చుకో. ముందు సర్వింగ్ సైజు చూడు. మిక్చర్ ప్యాకెట్టు మీద రాసిన కేలరీలు 28 గ్రాములకి, అంటే గుప్పెడుకి మాత్రమే. తర్వాత యాడెడ్ షుగర్స్ వరస. 12 ఔన్సుల కోకాకోలా టిన్నులో 39 గ్రాముల చక్కెర ఉంటుంది, దగ్గర దగ్గర పది చెంచాలు. టీలో అన్ని చెంచాలు ఎవరైనా వేస్తే తాగుతావా?

వారాంతపు పార్టీలకి వెళ్లొద్దని చెప్పను. ఈ దేశంలో మనకి చుట్టాలంటే ఆ స్నేహితులే. కానీ ఆకలితో వెళ్లకు, బయల్దేరే ముందు గ్లాసుడు మజ్జిగో ఒక గుడ్డో తీసుకో. తిరిగొచ్చేటప్పుడు మిగిలిన బిర్యానీ అల్యూమినియం ట్రేలో కట్టిచ్చే వదినలు ఉంటారు. ప్రేమతో ఇస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. తీసుకుని చిన్న డబ్బాల్లో సర్ది వెంటనే ఫ్రీజర్లో పెట్టెయ్. బల్లమీద ఉంటే అర్ధరాత్రి దాకా కూడా ఉండదు.

ఎంత తగ్గాలి అని అడగలేదు నువ్వు, కానీ అది తెలియాలి. ఇక్కడి చార్టులో బీఎమ్‌ఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 25 దాటితేనే అధిక బరువు. మన శరీరాలకి ఆ గీత సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే ఆసియా వాళ్లకి 23 దగ్గర్నుంచే జాగ్రత్త అవసరమన్నారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి మనవాళ్లకి 23 దగ్గరే షుగర్ పరీక్ష చెయ్యమంటోంది. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి అది దాదాపు 66-67 కిలోలు. నడుము టేపుతో కొలుచుకో: మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. వార్షిక పరీక్షకి వెళ్లినప్పుడు ఏ1సీ, థైరాయిడ్ కూడా చూడమని నోరు తెరిచి అడుగు. నీ వయసు చూసి వాళ్లంతట వాళ్లు రాయకపోవచ్చు.

లక్ష్యం మాత్రం చిన్నదే పెట్టుకో. 2002లో వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అధ్యయనంలో బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక, ఈ రెండే లక్ష్యాలు పెట్టారు. షుగర్ గుమ్మం దగ్గరున్న వాళ్లలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. నువ్వు 80 కిలోలుంటే 7 శాతం అంటే ఐదున్నర కిలోలు. ఆ పద్ధతిలోనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ గుర్తింపుతో ఏడాదిపాటు నడిచే తరగతులు ఉన్నాయి. నీ ఇన్సూరెన్సో, ఆఫీసో వాటికి డబ్బు కడుతుందేమో కనుక్కో. నాకు చాలా మేలు చేసింది అదే.

ఇంటి దగ్గరినుంచి ఎవరో ఒకరు వాట్సాప్‌లో అన్నం పూర్తిగా మానేసే డైట్ పంపుతారు. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా అలాంటిది మొదలుపెడితే షుగర్ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పొచ్చు. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకో.

నడకకి జిమ్ సభ్యత్వం అక్కర్లేదు. రాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు, మధ్యాహ్నం మరో పదిహేను. ఫోన్లో అమ్మతో మాట్లాడే అరగంట నడుస్తూ మాట్లాడు. నేనైతే అలాగే మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు కండలకి పని పెట్టు: చిన్నప్పుడు బళ్లో తీయించిన గుంజీలు, గోడకి చేతులానించి దండీలు, చాలు. చలికాలమే గండం. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, మనసూ దిగులు పడుతుంది, ఆ దిగులుకి తిండి తోడవుతుంది. అప్పుడు మధ్యాహ్నం వెలుతురులో నడువు, మంచు పడితే మాల్ లోపల నడువు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి మేం నలుగురం రూజ్‌వెల్ట్ పార్కులో చెరువు చుట్టూ నడుస్తాం. మెన్లో పార్క్ మాల్ పక్కనే, నీకు దగ్గరే. మందపాటి సాక్సు వేసుకుని వచ్చెయ్. తిరిగొచ్చాక మా ఇంట్లో పెసరట్టు, పెనం మీద నూనె చుక్క లెక్క పెట్టి వేస్తాను.